గుప్పెడు గింజలు, గిన్నెడు నీళ్లు: పెరటి పక్షుల పాఠం

పక్షులకు గింజలు చల్లడం మన ఇళ్లలో కొత్త అలవాటు కాదు. ఫజ్ర్ నమాజు ముగించుకుని డాబా మీద గుప్పెడు జొన్నలు చల్లే పెద్దలు ఇప్పటికీ చాలా వీధుల్లో కనిపిస్తారు. వేసవి రాగానే పిట్టగోడ మీద నీళ్ల గిన్నె పెట్టే తల్లులున్నారు. గోదావరి ప్రాంతంలో కొత్త పంట ఇంటికి రాగానే వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీసేవారు. అది పిచ్చుకల వాటా. ఈ అలవాట్ల వెనుక దయ ఉంది, పుణ్యం మీద ఆశ ఉంది. రెండూ మంచివే.

అయితే గింజలు చల్లిన మనలో ఎంతమందిమి అక్కడే ఓ పది నిమిషాలు నిలబడి వాటిని ఎవరు తిన్నారో చూశాం? పిచ్చుకలు తిన్నాయా, పావురాలే మొత్తం ఊడ్చుకుపోయాయా, రాత్రికి ఎలుకల పాలయ్యాయా? ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మాట ఒక్కటే. పక్షులకు పెట్టడం సగం పని, పెట్టిన తర్వాత చూడడం మిగతా సగం. ఈ రెండో సగం లేకపోతే మంచి మనసుతో చేసిన పని కూడా ఒక్కోసారి ఆ పక్షులకే చేటు తెస్తుంది. బడిలో పిల్లలతో కలిసి పక్షులను గమనిస్తూ మేము నేర్చుకున్నవీ, చదివి తెలుసుకున్నవీ ఇక్కడ పాఠంలా అమర్చి పెడుతున్నాం.

ఇప్పుడు ఎందుకు అవసరం?

పాత పెంకుటిళ్లలో చూరు కింద, గోడ గూళ్లలో, ఫొటోల వెనుక పిచ్చుకలకు చోటుండేది. వీధి కొట్టులో ధాన్యం గోనెసంచుల్లో ఉండేది, తూకం వేసేటప్పుడు నాలుగు గింజలు కింద రాలేవి. వాకిట్లో బియ్యం చెరిగితే నూకలు మిగిలేవి. ఇప్పుడు స్లాబు ఇంటికి చూరు లేదు. ధాన్యం ప్యాకెట్లలో వస్తోంది. పెరడు ఉన్న చోట కూడా సిమెంటు పరిచేస్తున్నాం.

పిచ్చుకలు దేశమంతటా అంతరించిపోతున్నాయని తరచూ వింటుంటాం. 2020లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక చెప్పింది కొంచెం వేరు. దేశం మొత్తం మీద చూస్తే పాతికేళ్లలో వాటి సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది, పెద్ద నగరాల్లో మాత్రం తగ్గింది. సెల్ టవర్ల వల్లే తగ్గాయనడానికి గట్టి ఆధారం లేదని కూడా ఆ నివేదిక పేర్కొంది. గూటికి చోటు, పిల్లలకు పురుగులు దొరకకపోవడం అసలు కారణాలు కావచ్చని నిపుణులు భావిస్తున్నారు. అంటే ఇది మన ఇంటి గోడకూ, మన పెరటి మట్టికీ సంబంధించిన సమస్య. మన చేతిలో ఉన్న సమస్య కాబట్టే దీని గురించి రాయడంలో ప్రయోజనం ఉంది.

పెరటికి వచ్చే అతిథులు

మన ఇళ్లలో ఒక్కో పక్షికి రెండేసి పేర్లుంటాయి. ఇంట్లో ఫాఖ్తా అన్నది బయట గువ్వ అవుతుంది. మైనా గోరింక అవుతుంది, తోతా రామచిలుక అవుతుంది. రెండు పేర్లూ పిల్లలకు నేర్పండి. పేరు తెలిసిన పక్షిని పిల్లలు మర్చిపోరు.

తిండిని బట్టి ఈ అతిథులను నాలుగు జట్లుగా విడదీసుకుంటే ఎవరికి ఏం పెట్టాలో తేలికగా అర్థమవుతుంది.

మొదటిది గింజలు తినే జట్టు. పిచ్చుక, గువ్వ, పావురం, రామచిలుక, జీనువాయి ఇందులోకి వస్తాయి. జీనువాయిని మునియా అని కూడా అంటారు. పిచ్చుక కంటే చిన్నది, గుంపుగా వస్తుంది. పిచ్చుక, జీనువాయిల ముక్కు పొట్టిగా, మొదట్లో లావుగా ఉంటుంది. గింజ పొట్టు ఒలిచే పనిముట్టు అది.

రెండోది పండ్లు తినే జట్టు. బుల్బుల్, కోకిల ముఖ్యమైనవి. బుల్బుల్‌ను తెలుగులో పిగిలిపిట్ట అంటారు. నల్లటి తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రని మచ్చ దాని గుర్తులు.

మూడోది తేనె తాగే జట్టు. తేనెపిట్ట మన బొటనవేలికి కాస్త ఎక్కువ, అంతే. సన్నగా వంగిన ముక్కుతో మందార పువ్వు మొదట్లో గుచ్చి తేనె తాగుతుంది. గింజల పళ్లెం వైపు కన్నెత్తి చూడదు.

నాలుగోది పురుగులు తినే జట్టు. కుట్టుపిట్ట ఆకుల చాటున పురుగులు ఏరుకుంటుంది, ఆకులనే కుట్టి గూడు కట్టుకుంటుంది. పసుల పోలిగాడు కరెంటు తీగ మీద కూర్చుని ఎగిరే పురుగును గాలిలోనే అందుకుంటుంది. నేల మీద ఎండుటాకులు తిరగేస్తూ గలగల అరుచుకుంటూ గుంపుగా తిరిగే మట్టిరంగు పిట్టలను మన పెద్దలు సాత్ భాయీ అంటారు. సులైమాన్ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతంలో వచ్చే హుద్‌హుద్ కూడా ఈ జట్టులోదే. ఆ కథ మన పిల్లలందరికీ తెలుసు. తల మీద విసనకర్రలాంటి కిరీటంతో, పొడవాటి ముక్కుతో గడ్డిలో పొడుస్తూ మన ఊరి మైదానాల్లోనే తిరిగే కూకుడు గువ్వ ఆ పక్షేనని మాత్రం చాలామందికి తెలియదు.

కాకి, గోరింక ఏ జట్టులోనూ ఇమడవు. అవి గింజా తింటాయి, పండూ తింటాయి, పురుగునూ వదలవు. అందుకే మనిషి ఎక్కడుంటే అక్కడ బతకగలుగుతున్నాయి.

నీళ్లతో మొదలు పెట్టండి

ఒక్కటే పెట్టగలిగితే నీళ్లే పెట్టండి. గింజల పళ్లేనికి గింజలు తినే జట్టే వస్తుంది. నీళ్లకు నాలుగు జట్లూ వస్తాయి. పక్షులకు మనలా చెమట పట్టదు. ఎండాకాలం మధ్యాహ్నం కాకి నోరు తెరిచి గొంతు ఆడిస్తూ కూర్చోవడం చూసే ఉంటారు. గొంతులోని తడిని ఆవిరి చేసి ఒంటి వేడి తగ్గించుకునే పద్ధతి అది. అలా పోయిన నీటిని మళ్లీ తాగితేనే దానికి ప్రాణం నిలుస్తుంది.

గిన్నె ఎలా ఉండాలి? వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న మట్టి మూకుడు అన్నిటికంటే మంచిది. నీళ్లు ఒకటి రెండు అంగుళాల లోతు చాలు. లోతైన బకెట్లో, స్టీలు గిన్నెలో చిన్న పిట్టలు జారిపడి చనిపోయే ప్రమాదం ఉంది. పైగా స్టీలు ఎండకు కాలిపోతుంది. మూకుడులో ఒక గరుకు రాయి వేయండి, కూర్చోవడానికి ఆసరా అవుతుంది. నీడలో పెట్టండి. పక్షులు తాగడమే కాదు, స్నానం కూడా చేస్తాయి. గోరింక స్నానం చేస్తుంటే చూసిన పిల్లవాడు ఆ రోజంతా దాని గురించే చెబుతాడు.

నీళ్లు ప్రతిరోజూ మార్చాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. రోజూ పాత నీళ్లు మొక్కలకు పారబోసి, గిన్నె లోపలి అంచును కొబ్బరి పీచుతో రుద్ది, కొత్త నీళ్లు పోస్తే ఆ గిన్నెలో ఒక్క దోమ కూడా పుట్టదు. గుడ్లు నీటి అంచున గిన్నెకే అంటుకుని ఉంటాయి కాబట్టి రుద్దడం తప్పనిసరి.

ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి?

చిన్న పిట్టలకు సజ్జలు, కొర్రలు, బియ్యపు నూకలు, వడ్లు సరిపోతాయి. జొన్నలు పావురాలూ చిలుకలూ ఎక్కువగా తింటాయి. పచ్చి బియ్యం తింటే పిట్ట కడుపులో ఉబ్బి చనిపోతుందన్నది ఒట్టి అపోహ, వరిపొలాల్లో అవి తినేది అదే కదా. పండ్ల జట్టుకు మిగలపండిన అరటి, జామ, బొప్పాయి ముక్కలు ఒక మేకుకు గుచ్చి పెట్టవచ్చు.

పెట్టకూడనివి కూడా చెప్పుకోవాలి. విందు తర్వాత మిగిలిన బిర్యానీ, ఉప్పూ నూనె ఉన్న కూర అన్నం, చిప్స్, బిస్కెట్లు పక్షులకు వద్దు. చిన్న శరీరం ఎక్కువ ఉప్పును తట్టుకోలేదు. బ్రెడ్డు కడుపు నింపుతుందే తప్ప బలం ఇవ్వదు. బూజు పట్టిన గింజలు విషంతో సమానం. మనం తినలేక పక్కన పెట్టిన పురుగుపట్టిన ధాన్యం ఎండబెట్టి పెట్టవచ్చు గానీ, బూజు వాసన వచ్చినది ఎవరికీ పనికిరాదు.

కొలత గుప్పెడే. పొద్దున పెట్టింది మధ్యాహ్నానికి అయిపోవాలి. మిగిలిందంటే మర్నాడు తగ్గించండి. రాత్రికి మిగిలే గింజలకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనుక పాములు వస్తాయి. మొదలుపెట్టిన తర్వాత మొదటి వారం ఒక్క పిట్ట కూడా రాకపోవచ్చు. రోజూ అదే చోట, అదే వేళకు పెడుతూ ఉండండి. కొద్దిదైనా నిలకడగా చేసే మంచిపనికే విలువ ఎక్కువని మన పెద్దలు చెప్పే మాట ఇక్కడ అక్షరాలా నిజం. ఊరికి వెళ్లేటప్పుడు పక్కింటి పిల్లలకు ఆ పని అప్పగిస్తే ఇంకో ఇంట్లో కూడా అలవాటు మొదలవుతుంది.

పళ్లేన్ని ఎక్కడ పెట్టాలి? మనిషి ఎత్తున, దగ్గర్లో పొదో చెట్టు కొమ్మో ఉండేలా పెట్టండి. డేగ వస్తే పిట్ట ఒక్క గెంతులో దాక్కోగలగాలి. అయితే పిల్లి పొంచి ఉండేంత దగ్గరగా పొద ఉండకూడదు. ఆరేడు అడుగుల దూరం సరిపోతుంది.

మొక్కే అసలైన పళ్లెం

నాటిన మొక్క నుంచి మనిషి గానీ, పశువు గానీ, పక్షి గానీ తింటే అది నాటినవారికి సదఖాగా లెక్కకు వస్తుందని తెలిపే హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. పక్షుల శాస్త్రం చెప్పేది కూడా దానికి దగ్గరగానే ఉంది. పిచ్చుక తాను గింజలు తిన్నా, గూట్లోని పిల్లలకు మాత్రం మెత్తని పురుగులు తెచ్చి పెడుతుంది. పురుగు లేని పెరట్లో ఎన్ని గింజలు పోసినా పిచ్చుక పిల్లలు సరిగా పెరగవు. పురుగులుండాలంటే మొక్కలుండాలి, వాటి మీద పురుగుమందు కొట్టకుండా ఉండాలి.

జాగా ఉంటే వేప, జామ, నేరేడు వేయండి. జాగా లేకపోతే కరివేపాకు, మందార, దానిమ్మ, నూరువరహాలు కుండీల్లోనే పెరుగుతాయి. కరివేపాకు చెట్టును ఎప్పుడూ దూసేయకుండా కాస్త వదిలేస్తే నల్లటి చిన్న పండ్లు కాస్తుంది. వాటికోసం బుల్బుల్, కోకిల వెతుక్కుంటూ వస్తాయి. ప్రహరీ పక్కన గోరింటాకు కంచె పెంచుకుంటే పండగకు చేతులు పండుతాయి, ఆ చిక్కటి కొమ్మల్లో చిన్న పిట్టలకు నీడా దొరుకుతుంది.

పిచ్చుకకు గూటిపెట్టె పెట్టాలనుకుంటే కన్నం సుమారు మూడు సెంటీమీటర్లకు కాస్త పైచిలుకు ఉంటే చాలు, అంతకంటే పెద్దదైతే గోరింక ఆక్రమిస్తుంది. ఎనిమిది పది అడుగుల ఎత్తులో, పడమటి ఎండ తగలని గోడకు బిగించండి. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదికి దారి ఉండకుండా చూడండి.

శుభ్రత లేకపోతే

ఒకే పళ్లెం దగ్గర వంద పిట్టలు చేరితే, వాటిలో ఒకదానికి జబ్బుంటే ఏమవుతుంది? అది తిన్న చోటే మిగతావీ తింటాయి. ఇంగ్లండ్‌లో ఇళ్ల పెరళ్లలో పక్షులకు మేత పెట్టడం పెద్ద అలవాటు. అక్కడ 2005 నుంచి గ్రీన్‌ఫించ్ అనే పచ్చని పిట్ట, గొంతుకు వచ్చే ఒక జబ్బుతో పెద్ద సంఖ్యలో చనిపోయింది. మేత పళ్లేల దగ్గర గుంపులుగా చేరడం ఆ జబ్బు వ్యాపించడానికి ఒక దారి అయింది. పెట్టినవాళ్లంతా పక్షుల మీద ప్రేమతో పెట్టినవాళ్లే.

అందుకే వారానికి ఒకసారి పళ్లేన్ని సబ్బుతో కడిగి, తొమ్మిది పాళ్ల నీటికి ఒక పాలు బ్లీచింగ్ ద్రావణం కలిపి తుడిచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, ఎండలో బాగా ఆరబెట్టాలి. ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని, మనిషి దగ్గరకొచ్చినా ఎగరని పిట్ట కనిపిస్తే జబ్బు ఉందని అర్థం. రెండు మూడు వారాలు మేత, నీళ్లు పెట్టడం ఆపేయండి. ఆపడం కూడా ఆ సమయంలో దయే. చనిపోయిన పక్షిని ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు, పిల్లలను ముట్టుకోనివ్వద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మనకు గుర్తుంది. ఎక్కువ పక్షులు ఒకేచోట చనిపోతే పశువైద్య శాఖకు తెలపాలి. పళ్లెం కడిగిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

పావురాల సంగతి

ఇది కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. మక్కా మసీదు ఆవరణలో పావురాల గుంపు లేచి ఎగరడం కంటికి ఇంపైన దృశ్యమే. కానీ నగరాల్లో పావురాలు విపరీతంగా పెరిగిపోయాయి. కూడళ్లలో బస్తాలకొద్దీ గింజలు పోయడం అందుకు ఒక పెద్ద కారణం. ఎండిన పావురాల రెట్ట పొడిగా గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళితే, కొందరిలో హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. ఊపిరితిత్తులు క్రమంగా గట్టిపడిపోయే స్థితికి కూడా అది దారి తీయవచ్చు. 2025లో ముంబైలో కబూతర్‌ఖానాలను మూయించారు, ఆ వివాదం హైకోర్టు దాకా వెళ్లింది.

పావురాల మీద మాకు కోపం లేదు. వాటికి మన బస్తా గింజలు అక్కర్లేదు, నగరం పారేసే తిండితోనే అవి బతకగలవు. మన గుప్పెడు గింజలు ఎవరికి అవసరమో వారికి అందాలంటే గింజలు నేల మీద పోయకండి. పూర్వం కట్టిన వరికుచ్చే ఇక్కడ పరిష్కారం. వేలాడే కంకిని పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ పిచ్చుక, జీనువాయి తినగలవు. బరువైన పావురం అలా వేలాడలేదు. కంకులు దొరకకపోతే చిన్న డబ్బాకు సన్నని పుల్ల గుచ్చి వేలాడదీసినా అదే పని చేస్తుంది. మన పెద్దలు ఏ పుస్తకమూ చదవకుండానే, రోజూ చూసి చూసి ఈ పద్ధతి కనిపెట్టారు.

కొని వదిలేసే పిట్టలు

సంతలో పంజరంలోని జీనువాయిలను డబ్బిచ్చి కొని, పుణ్యమని ఆకాశంలోకి వదిలేవారు మనలో ఉన్నారు. వదిలినవారి మనసు మంచిదే. కానీ ఆ పిట్టలు పంజరంలోకి ఎలా వచ్చాయి? వదులుతారని తెలిసే వేటగాడు వాటిని వలవేసి పట్టాడు. పట్టేటప్పుడూ, ఇరుకు పంజరంలో తరలించేటప్పుడూ కొన్ని చచ్చిపోతాయి. వదిలిన వాటిలో నీరసించినవి ఆ సాయంత్రానికే కాకులకో పిల్లులకో చిక్కుతాయి. మనమిచ్చిన డబ్బు రేపటి వలకు పెట్టుబడి అవుతుంది. పైగా మన దేశపు అడవి పక్షులను పట్టడం, అమ్మడం, పంజరంలో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లో పెంచుకునే రామచిలుకకు కూడా ఇదే వర్తిస్తుంది.

ఒక ప్రయాణంలో సహచరులు చిన్న పిట్ట పిల్లలను పట్టుకోగా, తల్లి పిట్ట రెక్కలు కొట్టుకుంటూ తిరగడం చూసిన దైవప్రవక్త (స), పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమన్నారని అబూదావూద్ గ్రంథంలోని హదీసు చెబుతుంది. పట్టిన పిట్టను కొని వదలడం కంటే, పట్టే అవసరమే లేకుండా చేయడం మేలు. పంజరానికి ఇచ్చే డబ్బుతో పది మట్టి మూకుళ్లు కొని పది ఇళ్లకు పంచవచ్చు.

ఇక్కడే మరొక మాట. రెక్కలు వచ్చీరాని పిల్ల పిట్ట నేల మీద కనిపిస్తే తీసుకుపోవద్దు. ఈకలు నిండుగా ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు పక్కనే ఉంటాయి. పిల్లి భయముంటే దగ్గరి కొమ్మ మీద పెట్టి దూరంగా జరగండి. మన చెయ్యి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు.

చూడడం ఎలా?

కావలసినవి ఒక నోటుబుక్కు, పెన్సిలు, పది నిమిషాల మౌనం. దుర్భిణి ఉంటే మంచిదే, లేకపోయినా పెరటి పక్షులకు కళ్లు చాలు. పొద్దు పొడిచిన తర్వాత రెండు గంటలు, అసర్ తర్వాత ఒక గంట మంచి సమయాలు.

నోటుబుక్కులో గళ్లు ఇలా గీయండి: తేదీ, సమయం, ఎండా మబ్బా, పక్షి పేరు, ఎన్ని, ఏం తింది, ఏం చేసింది. పేరు తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలి, బొమ్మ వేయండి. గుర్తుపట్టడానికి ఐదు ప్రశ్నలు వేసుకోవాలి. పిచ్చుకంత ఉందా, గోరింకంత ఉందా, కాకంత ఉందా? ముక్కు ఎలా ఉంది? తోక పొడుగా పొట్టా? నేల మీద నడుస్తోందా, గెంతుతోందా? ఎలా కూస్తోంది? రంగు చివర చూడాలి, ఎందుకంటే నీడలో రంగు మోసం చేస్తుంది.

మా ఎనిమిదో తరగతి పిల్లలు ఈ పట్టిక రాయడం మొదలుపెట్టాక, పుస్తకంలో చెప్పని సంగతులు వారే కనుక్కున్నారు. పిచ్చుక రెండు కాళ్లూ కలిపి గెంతుతుంది, గోరింక మనిషిలా అడుగు తీసి అడుగు వేస్తుంది అని ఒక అమ్మాయి రాసింది. గొంతు కింద నల్లమచ్చ ఉన్నది మగ పిచ్చుక, లేనిది ఆడది అని మరొకరు తేల్చారు. ఒక వారం తరగతిలో పెద్ద వాదన జరిగింది. వేపచెట్టు మీద గోధుమరంగు ఒంటిపై తెల్లని చుక్కలున్న పక్షి వస్తోంది, దాని పేరేమిటి? డేగ అన్నారు కొందరు, కొత్త పక్షి అన్నారు కొందరు. మేము జవాబు చెప్పలేదు, నాలుగు రోజులు చూడమన్నాం. దానితో పాటు ఎప్పుడూ ఒక నల్ల కోకిల ఉంటోందని, రెండింటి కళ్లూ ఎర్రగా ఉన్నాయని పిల్లలు గమనించారు. అది ఆడ కోకిల. దాని తర్వాత కోకిల కాకి గూట్లో గుడ్డు ఎందుకు పెడుతుందన్న పాఠం మేము కొత్తగా చెప్పాల్సిన అవసరం రాలేదు, వాళ్లే అడిగారు.

లెక్కల టీచరు ఆ పట్టిక నుంచే సగటు, కమ్మీ రేఖాచిత్రం నేర్పవచ్చు. తెలుగు టీచరు వ్యాసం రాయించవచ్చు. ఉర్దూ చదివే పిల్లలు రెండు భాషల్లో పేర్ల పట్టిక చేయవచ్చు. ఖర్చు ఒక నోటుబుక్కు.

ఒక్క పిచ్చుక నుంచి

పిట్టలను చూడడం పనిలేనివాళ్ల పని అనుకునేవారికి ఒక జీవితం చెప్పాలి. సలీం అలీ 1896 నవంబరు 12న ముంబైలో ఒక ముస్లిం కుటుంబంలో పుట్టారు. మూడేళ్లు నిండేసరికి తల్లిదండ్రులిద్దరూ పోయారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. చిన్నతనంలో బొమ్మ తుపాకితో ఒక పిచ్చుకను కొట్టారు. చూస్తే దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. ఇదేం పిచ్చుక అని మామను అడిగారు. మామకు తెలియదు. విసుక్కోకుండా, తెలిసినవారి దగ్గరకు వెళ్లమని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ పక్షిని పోల్చి చెప్పి, బీరువాలు తెరిచి అక్కడ భద్రపరచిన పక్షులన్నీ ఆ కుర్రవాడికి చూపించారు.

ఆ కుర్రవాడే పెద్దయ్యాక దేశమంతా తిరిగి పక్షులను నమోదు చేశారు. 1930లో కిహిం అనే తీర గ్రామంలో గిజిగాడు గూళ్లను నెలల తరబడి కనిపెట్టి చూసి, ఒక్కో మగ పక్షి ఒకటికి మించి గూళ్లు కట్టి ఒకటికి మించి ఆడ పక్షులతో జతకడుతుందని తేల్చారు. 1931-32లో హైదరాబాద్ సంస్థానంలోని పక్షుల సర్వే చేసింది కూడా ఆయనే. 1941లో వచ్చిన ఆయన భారతదేశపు పక్షుల పుస్తకం పట్టుకునే కొన్ని తరాలు పక్షులను గుర్తుపట్టడం నేర్చుకున్నాయి. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987లో కన్నుమూశారు.

ఈ కథలో మమ్మల్ని ఆలోచింపజేసేది ఆ మేనమామా, ఆ కార్యదర్శీ. ఒకరు అనాథ బాలుడి ప్రశ్నను కొట్టిపారేయలేదు. మరొకరు ఒక పూట సమయం ఇచ్చారు. మన చుట్టూ ప్రశ్నలు అడిగే పిల్లలకు కొదవ లేదు. బీరువా తెరిచి చూపించేవారే కావాలి.

నెల రోజుల పాఠం

మీ ఇంట్లో, మీ వీధి బడిలో ఇలా మొదలు పెట్టవచ్చు.

మొదటి వారం: నీళ్ల మూకుడు మాత్రమే. రోజూ మార్చే బాధ్యత ఒక పిల్లకో పిల్లవాడికో పేరు పెట్టి అప్పగించండి.

రెండో వారం: వేలాడే కుచ్చు గానీ చిన్న డబ్బా గానీ కట్టి, రోజుకు గుప్పెడు గింజలు.

మూడో వారం: రోజూ పది నిమిషాలు చూసి పట్టిక రాయడం. వారం చివర పళ్లెం కడగడం.

నాలుగో వారం: ఏ పక్షి ఎక్కువ వచ్చింది, ఏ వేళకు వచ్చింది, ఏ తిండి మిగిలింది అని పిల్లలతో కూర్చుని లెక్క చూడడం. ఆ లెక్కను బట్టి తిండి మార్చడం. ఒక మొక్క నాటడం.

ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచవ్యాప్తంగా పెరటి పక్షుల లెక్క జరుగుతుంది. మన దేశం 2013 నుంచి అందులో పాల్గొంటోంది. కనీసం పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి, చూసిన పక్షులను లెక్కపెట్టి ఈబర్డ్ అనే ఉచిత యాప్‌లో నమోదు చేస్తే చాలు. పైన చెప్పిన జాతీయ నివేదిక ఇలాంటి మామూలు మనుషులు పంపిన లెక్కలతోనే తయారైంది. మన ఊరి పిల్లల లెక్క కూడా అందులో చేరుతుంది. మార్చి 20 పిచ్చుకల దినోత్సవం. ఆ రోజు ఉపన్యాసాల కంటే ఒక గూటిపెట్టె బిగించడం మంచిది.

ఈ సంచిక మీ చేతికి అందే నాటికి ఎండలు ముదిరి ఉన్నా, వానలు పడుతున్నా, ఒక మూకుడు కొనడానికి అదును తప్పదు. పెట్టిన నెల తర్వాత ఇంట్లో పిల్లలను ఒక్క ప్రశ్న అడగండి: ఈ రోజు మన గిన్నె దగ్గరికి ఎవరెవరు వచ్చారు? వాళ్లు పేర్లు చెప్పగలిగితే, ఏది రాలేదో కూడా చెప్పగలిగితే, మీరు పెట్టింది సరైన చోటికే చేరుతోందని నమ్మవచ్చు.